అరచేతిలో సీ హాక్

పాత పెట్టె మూత తీయగానే కనిపించేది విమానం కాదు. ప్లాస్టిక్ చట్రాలకు కాయలవలె వేలాడుతున్న కొన్ని ముక్కలు, పసుపు బారిన బొమ్మల కాగితం, మడతలు పడిన సూచనల పత్రం, అంతే. దాదాపు ఆరు దశాబ్దాల కిందట బ్రిటన్‌లోని ఎయిర్‌ఫిక్స్ సంస్థ అచ్చుపోసిన సీ హాక్ జెట్ విమానపు కిట్ అది. దానిని కట్టి పూర్తిచేయడం పిల్లల ఆటగా తోచవచ్చు. కాని బంగాళాఖాతం చరిత్ర ఎరిగినవారికి ఆ జానెడైనా లేని విమానం ఒట్టి ఆటబొమ్మ కాదు.

1961లో మన నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ పైనుంచి ఎగిరిన తొలి జెట్ విమానాలు సీ హాక్‌లే. 1971 నవంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విక్రాంత్‌ను వేటాడుతూ విశాఖపట్నం దిశగా వచ్చింది. అప్పటికే బాయిలరు ఒకటి చెడి వేగం తగ్గిన విక్రాంత్ విశాఖలో లేదు. అండమాన్ దీవుల ఉత్తరపు కొసన, పోర్ట్ కార్న్‌వాలిస్ చాటున తలదాచుకుని ఉంది. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ ఘాజీ విశాఖ తీరానికి చేరువలో మునిగిపోయింది. మరునాడు విక్రాంత్ పైనుంచి లేచిన సీ హాక్‌లు కాక్స్ బజారుపైన, పిదప చిట్టగాంగు పైన దాడి చేశాయి. తెల్లపులులని పేరుపొందిన ఆ దళానికి నాయకత్వం వహించిన ఎస్.కె. గుప్తాకు మహావీరచక్ర లభించింది.

1983లో సీ హారియర్లు వచ్చి సీ హాక్‌ల స్థానాన్ని ఆక్రమించాయి. విక్రాంత్ 1997లో విశ్రాంతి పొంది, తర్వాత పాత ఇనుముగా విడగొట్టబడింది. ఇక ఆ దృశ్యాన్ని కళ్లకు కట్టగలిగేవి మ్యూజియంలలో మిగిలిన కొద్ది విమానాలు, ఇటువంటి నమూనాలు మాత్రమే.

నమూనా కొలత 72లో ఒక వంతు. అంటే ఆరడుగుల మనిషి ఒక అంగుళం అవుతాడు. 39 అడుగుల రెక్కల వెడల్పు పదహారున్నర సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. 1936లో ఇంగ్లండులో వెలువడిన ఫ్రాగ్ పెంగ్విన్ కిట్లతో ఈ కొలత ప్రచారంలోకి వచ్చి, నేటికీ చెలామణిలో ఉంది.

ఇక పని. మొదట ముక్కలను చట్రంతో సహా సబ్బునీటిలో కడగాలి. అచ్చునుంచి ఊడిరావడానికి పూసిన నూనె మిగిలివుంటే రంగు పట్టదు. ముక్కలను విరవకూడదు, పదునైన బ్లేడుతో కోయాలి. జిగురు పెట్టేముందు ప్రతి జతనూ ఉత్తగా కలిపి చూడాలి. ఈ జిగురు బంక వలె అతికేది కాదు, ప్లాస్టిక్‌ను కరిగించి రెండు అంచులను ఒకటి చేసేది. అందువల్ల ఒక బొట్టు ఎక్కువైనా రెక్క రూపు మాసిపోతుంది.

సీ హాక్‌కు ముక్కు కింద ఒక చక్రం, రెక్కల కింద రెండు చక్రాలు. ముక్కులో బరువు లేకపోతే బొమ్మ తోకపై కూలబడుతుంది. జాలరులు వలకు కట్టే సీసపు గుళ్లు అందుకు చక్కగా అమరుతాయి. అసలు విమానంలో ఒకే ఇంజనునుంచి వెలువడే వేడిగాలి రెండు పాయలుగా చీలి, రెక్కల మొదళ్ల నుంచి బయటపడుతుంది. కిట్‌లో ఆ చోటనే సందులు మిగులుతాయి. లప్పం నింపి, ఆరిన తర్వాత తడి ఎమరీ కాగితంతో రుద్దాలి. ఎక్కువ రుద్దితే పాత అచ్చులో ఉబ్బెత్తుగా ఉన్న మేకుల వరుసలు చెరిగిపోతాయి. పైలట్ తలమీది పారదర్శకమైన కప్పుకు మాత్రం ఈ జిగురు పనికిరాదు, మసకబారుతుంది. వడ్రంగులు వాడే తెల్లని జిగురే దానికి తగినది.

తర్వాత రంగు. ఇక్కడనే ఊరి వాతావరణం అడ్డుపడుతుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ పట్టణంలో స్థిరపడ్డాయి. అక్కడి షాదీపూర్ వంటి పేటలో ఈ పనికి పూనుకున్నవారికి మొదటి శత్రువు తేమ. ముసురు పట్టిన రోజున పూసిన వార్నిష్ పాలపొరవలె తెల్లబారుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఉండే పొడి రోజుల కోసం వేచివుండడమే మేలు. పైభాగానికి ముదురు సముద్రపు బూడిదరంగు, అడుగున లేత ఆకుపచ్చ ఛాయగల ఆకాశవర్ణం పలుచగా, పొర మీద పొరగా వేయాలి.

అన్నింటికన్నా కఠినమైనది చివరి ఘట్టం. ఆనాటి కిట్‌లో వచ్చేవి బ్రిటిష్ నౌకాదళపు చిహ్నాలు. అవికూడా ఇన్నేళ్లకు పెళుసెక్కి, నీటిలో వేయగానే పెంకుల్లా చిట్లిపోతాయి. అక్కరలేని ఒక బొమ్మను ముందు పరీక్షించి, తక్కిన వాటిపై పలుచని వార్నిష్ పూసి ఆరనిచ్చిన పిదపనే నానబెట్టాలి. పసుపు రంగు తగ్గడానికి కాగితాన్ని కొన్ని రోజులు కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనిస్తారు. విక్రాంత్ విమానమే కావాలంటే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలను వేరుగా సమకూర్చుకోవాలి, లేదా కుంచెతో దిద్దుకోవాలి.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న సహజమే. మూత విప్పని పాత కిట్‌కు సేకరణదారులు మంచి ధర చెల్లిస్తారు. కట్టిన మరుక్షణం ఆ విలువ పోతుంది. చేయి జారితే ముక్కకు బదులు ముక్క దొరకదు. అయినా పెట్టెలోనే ఉన్నంతకాలం అది విమానం కాదు, సరుకు మాత్రమే. వలయాలు దిద్ది బల్లపై నిలిపిన సీ హాక్‌ను చూసిన పిల్లవాడు “ఇది ఎక్కడినుంచి ఎగిరింది?” అని అడుగుతాడు. అండమాన్‌లో అయితే దానికి సమాధానం చెప్పడానికి పుస్తకం అక్కరలేదు. కిటికీ తెరిచి సముద్రాన్ని చూపితే చాలు.