పశువులకు సూదులు, వాతలు

పశువులకు సూదులు గుచ్చి రోగము కుదుర్చు వైద్యమొకటి కలదని ఇటీవల పలువురు వినుచున్నారు. మన పల్లెలలో వేయు వాతలు కూడ అట్టివేయని వాదించువారు లేకపోలేదు. ఈ సంగతి పంచాయతీ సభ్యులు విచారింపదగినది.

ఆక్యుపంక్చర్ అను ఈ సూది వైద్యము చైనా దేశమున పుట్టినది. 1608లో అచ్చటి యూ సోదరులిరువురు గుర్రముల చికిత్సను గూర్చి వ్రాసిన గ్రంథమందు దీని వివరములు కలవు. నేడు పాశ్చాత్య దేశములలో కీళ్లనొప్పిగల కుక్కలకు, నడుము పట్టిన గుర్రములకు దీనిని చేయుచున్నారు. సూది గుచ్చినచోట నరములు ప్రేరేపింపబడి, నొప్పిని తగ్గించు పదార్థములు దేహమందే ఊరునని వైద్యుల వివరణ. అయినను, అంతవరకు జరిగిన ప్రయోగములను 2006లో పరిశీలించిన పండితులు, పెంపుడు జంతువుల ఏ జబ్బుకైనను దీనిని సిఫారసు చేయుటకుగాని, త్రోసివేయుటకుగాని తగిన ఆధారము లేదని తేల్చిరి. అంటువ్యాధులకిది మందు కాదు.

ఇక వాతల మాట. శుద్ధిచేసిన సన్నని సూది వేరు, ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ వేరు. వాత చర్మమును కాల్చి పుండు చేయును. ఈగలు ముసిరి పురుగు పట్టును. తోలు వెల పడిపోవును. ఇంతకన్న పెద్ద నష్టము కాలహరణము. జబ్బవాపు సూక్ష్మజీవుల వలన వచ్చును. బలముగానున్న పడుచు పశువును సయితము ఒకటి రెండు దినములలో చంపును. తొలిగంటలలో పెన్సిలిన్ ఇచ్చినచో కొన్ని బ్రతుకును. వాత వేయువానికై పొరుగూరికి కబురంపి కూర్చున్నచో ఆ గంటలు తిరిగిరావు.

మన తాతలను గడగడలాడించిన ముసర వ్యాధి ఎట్లు పోయినది? టీకాల వలన. 2006లో మన దేశము, 2011లో ప్రపంచమంతయు దానినుండి విముక్తి పొందెను. గాలికుంటునకు కూడ 2019లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద టీకాలు వేయుచున్నారు. టీకాల దినమున పశువులను మేతకు తోలకుండ ముందునాడే చాటింపు వేయించుట పంచాయతీకి కష్టమైన పని కాదు.

2009 నాటి చట్టము ప్రకారము, గాలికుంటు, దొమ్మ వంటి వ్యాధులు సోకినవని అనుమానము కలిగిన యజమాని గ్రామాధికారికిగాని పంచాయతీకిగాని తెలుపవలెను. అచ్చటినుండి పశువైద్యునికి వ్రాతమూలకముగా కబురు పోవలెను. హఠాత్తుగా చచ్చిన పశువును కోయనీయరాదు, తోలు తీయనీయరాదు. దొమ్మ, జబ్బవాపు క్రిములు మట్టిలో ఏండ్ల తరబడి జీవించును. కావున మేతబీడునకు, చెరువునకు దూరముగా లోతైన గోతిలో సున్నము చల్లి పాతుటకు స్థలమును పంచాయతీయే ముందుగా ఏర్పరచి యుంచవలెను.