వరద మునిగిన మోటారు యంత్రము

గోదావరి యొడ్డున కాపురము చేయువారికి వరద క్రొత్త కాదు. నీరు వచ్చుచున్నదని తెలిసినంతనే బియ్యము, బట్టలు, పుస్తకములు, పశువులు మెరకకు చేర్చుట మన యిండ్లలో ఆడువారికి అలవడిన విద్యయే. కాని యీ కాలమున వాకిట వాకిట నొక మోటారు వాహనము కలదు. అది నీట మునిగినపుడు చేయవలసినదేమి, చేయరానిదేమి యను సంగతి చాలమందికి తెలియదు. మా బూర్గంపాడున 2022వ సంవత్సరపు వరద తరువాత మాకు కలిగిన యనుభవమును సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

ఆ యేడు జూలై 16వ తేదీన భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు వచ్చెను. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యిత్తురు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద యొక్కటే దీనిని మించినది. గోదావరి నిండుగా నున్నపుడు మా దాపున దానిలో కలియు కిన్నెరసాని ముందుకు సాగలేక వెనుకకు తన్నును. మేము సామానుతో మెరకనున్న బంధువుల యింటికి చేరితిమి. కొట్టములో చక్రములు విప్పి దుంగలపై నిలిపియున్న అంబాసిడరు కారును మాత్రము కదల్చుటకు వీలు లేకపోయెను. మా వారు బడి విడిచిన పిదప దానిని కొంచెము కొంచెముగా బాగుచేయుచుండిరి. నీరు తీసిన నాడు చూడగా బురద బానెట్టు మీదికి గూడ నెక్కియుండెను.

అది మా మామగారు వాడిన 1969 నాటి బండి. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు బండిని ననుసరించి వంగదేశమున ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు చేసిన అంబాసిడరును మన దేశమున చూడనివారుండరు. 2014లో దాని తయారీ నిలిచిపోయినది. మా బండి యింజను 1489 సి.సి. శక్తి గల నాలుగు సిలిండర్ల పెట్రోలు యంత్రము. 1965లో తెరచిన గోదావరి వంతెన మీదుగా పురిటినొప్పులు పడు స్త్రీలను ఎందరినో భద్రాచలము ఆసుపత్రికి చేర్చినది యీ బండియే. అట్లు పోయి అచట పుట్టినవారు మా వీధిలోనే ముగ్గురు కలరు.

వరద తరువాత పాత ఇనుము కొనువాడు వచ్చి తూకమునకు వెల చెప్పెను. మఱియొకరు, ఆ యింజను పారవేసి డీజిలు యింజను బిగింపుడని సలహా యిచ్చిరి. ఇందొక చిక్కు కలదు. కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో చేసిన నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటిన బండిని వింటేజి వాహనముగా నమోదు చేసికొనవచ్చును. దానిని నిత్యవ్యవహారమునకు త్రిప్పరాదు గాని, ప్రదర్శనములకు కొనిపోవచ్చును. చట్రము గాని, పై తొడుగు గాని, ఇంజను గాని మార్చినచో ఆ గౌరవము దక్కదు. కాబట్టి ఆ తుప్పుపట్టిన యినుపముద్ద బ్రతికిననే బండి బ్రతికినట్లు. మామగారు ఏమియు ననక ఊరకుండిరి. ఆ మౌనమును చూచియే మా వారు అమ్ముటకు ఒప్పుకొనలేదు.

మునిగిన బండి విషయమున ముఖ్యమైన మాట యిది: సెల్ఫు కొట్టరాదు, త్రోసి నడిపింపరాదు. గాలి నొక్కిన నణగును, నీరు అణగదు. సిలిండరులో నీరుండగా పిస్టను పైకి వచ్చినచో దానిని మోయు కడ్డీ వంగిపోవును. మొదట బ్యాటరీ తీగలు విప్పవలయును, పిదప ప్లగ్గులు నాలుగును తీయవలయును. ఆ మీదట ఆయిలు చాంబరు బిరడా విప్పవలయును. నీరు నూనెకన్న బరువు గాన మొదట నీరే కారును. తరువాత చిలికిన మజ్జిగ వంటి తెల్లని ద్రవము వచ్చును. ప్లగ్గుల రంధ్రములలో పలుచని ఆయిలు పోసి నాలుగు దినములుంచి, హ్యాండిలుతో మెల్లగా త్రిప్పగా మా యింజను ఐదవనాడు కదలెను.

పాల్వంచ నుండి ఆదివారములందు వచ్చు మెకానిక్కు హెడ్డు విప్పి యిచ్చెను. కడుగుట మా అత్తగారిది, మాది. కడుగుటకు పెట్రోలు వాడరాదు, దాని యావిరి దూరమున నున్న దీపమునకు సైతము అంటుకొనును. మేము డీజిలు వాడితిమి. అదియైనను వంటయింటికి దూరముగా, బయలునందే. అత్తగారు ఇత్తడి బిందెలు తోమినట్లు తోమవచ్చునని చింతపండు తెచ్చిరి. ఇత్తడికి పులుపు మంచిదే కాని, నునుపు తీర్చిన ఉక్కును అది తినివేయును. కాస్టిక్ సోడా యినుము మీది జిడ్డును చక్కగా విడిపించును గాని అల్యూమినియపు పిస్టనులను పాడుచేయును. పిస్టను తల మీది మసిని వెదురుబద్దతో గీకితిమి. పాత గాస్కెట్టులలోను, బ్రేకు పట్టీలలోను ఆస్బెస్టాసు ఉండవచ్చును. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. పొడిగా గీకరాదు, నోటితో ఊదరాదు. తడిపి తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారవేయవలయును. పిల్లలను దరికి రానీయరాదు.

వాల్వులు ఎనిమిది, వానిని కదల్చు కడ్డీలు ఎనిమిది. ఏది యెక్కడ అరిగి కుదురుకొన్నదో మరల నక్కడికే చేరవలయును. అట్టపెట్టె మూతకు వరుసగా రంధ్రములు చేసి, అంకెలు వ్రాసి, అందు గ్రుచ్చి పెట్టితిమి. వాల్వు గద్దెలను నూరుట మాకు మిక్కిలి నచ్చిన పని. కఱ్ఱ కొనకు రబ్బరు గిన్నె గల సాధనమును వాల్వుకు అంటించి, నూరు ముద్ద పూసి, రెండు అరచేతుల నడుమ కవ్వమువలె అటునిటు త్రిప్పవలయును. ఇంతకాలము పెరుగు చిలికిన చేతులకు దీనిని ఒకరు నేర్పవలసిన పని లేదు! గద్దె చుట్టును ఎడతెగని బూడిదరంగు వలయము తేలినచో పని ముగిసినట్లు.

అంతయు బిగించి, క్రొత్త ఆయిలు పోసి, నవంబరులో దుంగల మీదనే నడుపగా ఇంజను పలికెను. కాని ఐదాఱు నిమిషములకు ఆగిపోయెను. కొంతసేపు ఊరకున్న మరల నడచును, మరల ఆగును. నలోపాఖ్యానమున నలుడు ఋతుపర్ణునకు అశ్వహృదయము నుపదేశించెనని చదువుకొంటిమి. ఈ యినుప గుఱ్ఱము హృదయము మూడు మాటలలో ఇముడును: నిప్పురవ్వ, పెట్రోలు, ఒత్తిడి. ఒక్కొక్కటే పరీక్షింపవలయును, మూడింటిని ఒక్కసారి కదిపిన దోషము దొరకదు. పాయింట్ల తుప్పును తీసి, నడిమి యెడమును అంగుళములో వేయింట 15 పాళ్లుగా ముందే సరిచేసియుంటిమి. ఇంజను ఆగిన క్షణమున ప్లగ్గు తీసి చూడగా నీలినిప్పు చక్కగా దుముకుచుండెను. కార్బురేటరు గొట్టమున మాత్రము పెట్రోలు లేదు. పంపు చెడినదని మెకానిక్కు క్రొత్తది వేసెను. ఐనను అదే వరుస.

మఱునాడు వంటయింట క్రొత్త నూనెడబ్బాకు ఒక రంధ్రము పొడిచి వంచితిమి. నూనె గడగడలాడి నిలిచిపోయెను. రెండవ రంధ్రము పొడువగా ధారగా వచ్చెను. పెట్రోలు ట్యాంకును అట్టి డబ్బాయే కదా, దానికి గాలి యెటు పోవును? మా వారితో చెప్పి, ఇంజను ఆగిన వెంటనే ట్యాంకు మూత విప్పించితిమి. బుస్సుమని గాలి లోపలికి పోయెను. మూతలోని సన్నని గాలిదారిలో వరద నాటి బురద యెండి రాయియై యుండెను. వేడినీట నానవేసి కడిగి బిగింపగా ఇంజను అరగంట నిలువక నడచెను.

మామగారు అరుగు మీద కుర్చీ వేయించుకొని కనులు మూసికొని వినుచుండిరి. “అమ్మాయీ, మూడోది ఇంకా దగ్గుతున్నది” అనిరి. మెకానిక్కు ఒత్తిడి కొలుచు సాధనము పెట్టి చూచెను. ఆ మాట నిజమే, మూడవ సిలిండరున ఒత్తిడి తక్కువగా నుండెను. అందులో ఒక చెంచా ఆయిలు పోసి మరల కొలువగా ముల్లు పైకి లేచెను. కావున దోషము వాల్వులది కాదు, పిస్టను రింగులది. క్రొత్త రింగులకై ఆనాడే విజయవాడకు వ్రాసితిమి.