ఎమ్మెల్యేకు ఏడాదికి పదహారు నిమిషాలు

2021లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మొత్తం 8 రోజులు కూర్చుంది. మే 20న ఒక రోజు, నవంబరులో ఏడు రోజులు. రోజుకు ఆరు గంటల చొప్పున సాగిందనుకుంటే 2,880 నిమిషాలు. సభ్యులు 175 మంది. మంత్రులతో సహా అందరూ సమానంగా పంచుకుంటే తలా పదహారు నిమిషాలు. విజయవాడ తూర్పు, పశ్చిమ, సెంట్రల్ నియోజకవర్గాల వాటా మూడూ కలిపినా గంట నిండదు. నగరం తాగునీరు, కొండవాలు ఇళ్లు, కాలువ గట్లు, అన్నీ ఆ గంటలోపే సర్దుకోవాలి.

సభ పారదర్శకంగా, సమర్థంగా నడవాలన్న మాటను కాదనేవారు లేరు. నడుస్తోందా లేదా తేల్చడానికి మూడు లెక్కలు చూస్తే చాలు: సభ ఎన్ని రోజులు కూర్చుంది, బిల్లుకు ఎన్ని రోజులిచ్చింది, బడ్జెట్‌ను ఎప్పుడు, ఎంతసేపు చూసింది.

సభ ఎన్ని రోజులు?

రాజ్యాంగం 174వ అధికరణం ప్రకారం ఒక సమావేశానికీ మరో సమావేశానికీ మధ్య ఆరు నెలలు మించకూడదు. అంతకుమించి షరతు లేదు. ఏడాదికి రెండుసార్లు, రెండేసి రోజులు కలిసినా చట్టం ఒప్పుకుంటుంది. చట్టసభల పనితీరును అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ సంస్థ లెక్క ప్రకారం 2021లో దేశంలో అసెంబ్లీల సగటు 21 రోజులు, కేరళ 61. రాజ్యాంగ పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే ఒక కొలమానం చెప్పింది: 70 మంది కంటే తక్కువ సభ్యులున్న సభ 50 రోజులు, మిగతావి 90 రోజులు కూర్చోవాలి. 90 రోజులైతే మన ఎమ్మెల్యే వాటా మూడు గంటలు దాటుతుంది.

రోజులు తగ్గితే పోయేదేమిటో విజయవాడకు తెలుసు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నగరంలోని సింగ్‌నగర్‌ను ముంచింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద నమోదైంది. సభ సమావేశాలు అప్పటికే, జులై 26న ముగిశాయి. మళ్లీ కలిసింది నవంబరు 11న, వరద వచ్చిన 71 రోజులకు. ఇందులో నిబంధనల ఉల్లంఘన ఏమీ లేదు. కానీ బుడమేరు గట్టుకు గండ్లు ఎందుకు పడ్డాయి, ఆక్రమణలకు ఎవరు బాధ్యులు, పరిహారం ఎవరికి అందలేదు అని మంత్రిని సభలో నిలబెట్టి అడిగే ప్రశ్నోత్తరాల సమయం ఆ 71 రోజులూ లేదు.

బిల్లుకు ఎన్ని రోజులు?

2021లో దేశవ్యాప్తంగా రాష్ట్రాల బిల్లుల్లో 44 శాతం ఒక్క రోజులోపే ఆమోదం పొందాయి. తొందరను సమర్థత అనుకోవడం ఎంత ఖరీదో మూడు రాజధానుల బిల్లు చెబుతుంది. 2020 జనవరి 20న ప్రవేశపెట్టిన రోజే శాసనసభ దాన్ని ఆమోదించింది. 22న శాసనమండలి ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. ఆ కమిటీ ఏర్పడనే లేదు. 27న మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. జూన్‌లో బిల్లు మళ్లీ వచ్చింది, జులై 31న గవర్నర్ ఆమోదముద్ర పడింది. 2021 నవంబరు 22న, హైకోర్టులో విచారణ సాగుతుండగానే, ప్రభుత్వమే రద్దు బిల్లు తెచ్చింది. మర్నాడు మండలి రద్దు తీర్మానమూ వెనక్కి పోయింది. ఒక్క రోజులో తేలిందనుకున్న వ్యవహారం 22 నెలలు తిరిగి మొదటికొచ్చింది. రైతులను, నిపుణులను, అధికారులను పిలిచి వినడానికి ఒక కమిటీ రెండు నెలలు తీసుకున్నా ఇంతకంటే త్వరగానే అయ్యేది.

కేరళలో 1980 నుంచి సబ్జెక్టు కమిటీలున్నాయి. బిల్లులు వాటి దగ్గరికి వెళ్లడం అక్కడ మామూలు. అయితే 2021లో 61 రోజులు కూర్చున్న కేరళే ఆ ఏడాది 144 ఆర్డినెన్సులు జారీ చేసింది. కాబట్టి రోజులు పెంచడం ఒక్కటే మందు కాదు.

బడ్జెట్‌కు ఎంతసేపు?

2021 మే 20న రూ.2,29,779 కోట్ల బడ్జెట్ ప్రవేశపెట్టి, అదే రోజు ఆమోదించారు. ఎనిమిది గంటలు చర్చించారనుకున్నా నిమిషానికి రూ.479 కోట్లు. అప్పుడు కొవిడ్ కారణం. 2024 ఎన్నికల ఏడాది. ప్రభుత్వం మారాక రూ.2.94 లక్షల కోట్ల పూర్తి బడ్జెట్ నవంబరు 11న వచ్చింది. అప్పటికి ఆర్థిక సంవత్సరంలో ఏడు నెలలు గడిచిపోయాయి. కారణాలు వేరైనా ఫలితం ఒకటే: ఖర్చు మొదలైపోయాక సభ లెక్క చూసింది.

సుమారు 13 లక్షల ఎకరాల కృష్ణా డెల్టాకు ఈ తేదీలే కీలకం. కాలువలు కట్టేసిన వేసవి నెలల్లోనే పూడిక తీయాలి, లాకులు బాగుచేయాలి, డ్రెయిన్లలో గుర్రపుడెక్క తొలగించాలి. నీళ్లు వదిలాక జలవనరుల పద్దు మీద ఎంత చర్చ జరిగినా ఆ ఏటి పనికి అక్కరకు రాదు.

ఖాళీ కుర్చీల లెక్క

ఆ మూడు లెక్కలకు తోడు, కూర్చున్న రోజుల్లోనూ సభ నిండుగా లేదు. 2017 నవంబరు నుంచి వైఎస్సార్‌సీపీ సభను బహిష్కరించింది. 2021 నవంబరులో అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని సభ వీడారు. 2024 ఎన్నికల తర్వాత 11 మంది వైఎస్సార్‌సీపీ సభ్యులు ప్రతిపక్ష హోదా కోరుతూ సభకు దూరంగా ఉన్నారు. ఎవరి కారణాలు వారికున్నాయి. ఓటేసిన పౌరుడి ప్రశ్న మాత్రం ప్రతిసారీ సభ బయటే ఉండిపోయింది.

ఏం మార్చాలి?

ఏడాది సమావేశాల తేదీలు జనవరిలోనే ప్రకటించాలి. ప్రతి బిల్లు తెలుగు ప్రతి, ఓటింగుకు కనీసం ఐదు రోజుల ముందు జనం ముందుండాలి. పద్దులు శాఖలవారీ కమిటీలకు వెళ్లాలి. ముఖ్యమైన బిల్లులను మూజువాణి ఓటుతో సరిపెట్టకుండా ఎవరు అటు, ఎవరు ఇటు అన్నది పేర్లతో నమోదు చేయాలి. ప్రతిపక్షానికి ప్రశ్నలడిగే సమయం నిబంధనల్లోనే ఖాయం చేస్తే సభకు రావడానికి కారణమూ దొరుకుతుంది.

వీటికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. తన నిబంధనలు తానే రాసుకునే అధికారం 208వ అధికరణం సభకే ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు విజయవాడ నాయకుడు. ఇక్కడి పెద్ద మార్కెట్‌కు ఆయన పేరే. ఆయన కూర్చున్న ఆ స్థానానికి గౌరవం దక్కాలంటే వెలగపూడి అసెంబ్లీలో 175 మంది ఒక్కపూట కూర్చుని నిబంధనలు మార్చుకోవాలి. తొందరగా ఆమోదించినా నష్టం లేని తీర్మానం అదొక్కటే.