తొరపల్లి: దక్షిణ పినాకినీ తీరసీమలో ఒక పల్లె

నందికొండల ప్రాంతమున పినాకిని యను పేర రెండు నదులు పుట్టుచున్నవి. ఉత్తర పినాకిని, అనగా పెన్న, అనంతపురము, కడప, నెల్లూరు సీమల మీదుగా సాగి సముద్రమున కలియుచున్నది. దక్షిణ పినాకిని బెంగుళూరునకు తూర్పుగా దిగివచ్చి, హోసూరు, కృష్ణగిరి సీమలను దాటి, కడలూరు చెంత సముద్రమును చేరుచున్నది. తమిళులు దీనిని తెన్‌పెణ్ణై అందురు. పెన్నగట్టున తెలుగు కలదని వేరుగా చెప్పనక్కరలేదు. దక్షిణ పినాకినీ తీరసీమయందును తరతరములుగా తెలుగు వినబడుచున్న దను సంగతి మాత్రము పెక్కుమంది యెరుగరు. ఆ సీమలోని చిన్న పల్లె తొరపల్లి.

ఈ పల్లె హోసూరునకు తూర్పుదిక్కున, కొలది కిలోమీటర్ల దూరమున నున్నది. ప్రభుత్వపు లెక్కలలో దీనిపేరు తొరపల్లి అగ్రహారము. హోసూరు పీఠభూమి సముద్రమట్టమునకు 850 మీటర్లకు పైన నుండుటచే ఎండకాలమందును ఇచట గాలి చల్లగా నుండును. నేల యెర్రనేల, నడుమనడుమ నల్లరాతి గుట్టలు. నైరృతి, ఈశాన్య ఋతుపవనములు రెండును ఈ సీమను తడుపును గాని, ఏ వానయు సమృద్ధి కాదు. కనుకనే ఇచటి పూర్వులు చెరువులను నమ్ముకొనిరి, మెట్టపైరులను పండించిరి.

ఊరిపేర్లే ఈ సీమ చరిత్రకు తొలి సాక్ష్యములు. హోసూరు అనగా కన్నడమున ‘క్రొత్త ఊరు’. తొరపల్లి, కెలవరపల్లి మొదలగు పేర్లలో ‘పల్లి’ కలదు. కృష్ణగిరి వైపు సాగినకొలది ‘పట్టి’ అని ముగియు తమిళపు పేర్లు హెచ్చును. మూడు భాషల వారును ఒకే చెరువు నీరు త్రాగి బ్రతికిన సీమ ఇది. కోలారు, బెంగుళూరు ప్రాంతములతో కలిపి దీనిని మొరసునాడని పిలుచుట పాతవాడుక.

ఏలిక లనేకులు మారిరి. మైసూరు యుద్ధములలో హోసూరు కోట చేతులు మారుచు వచ్చినది. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలన కృష్ణగిరి చుట్టుపట్ల నున్న బారామహలు కుంపిణీ వశమయ్యెను. మీదితట్టున నున్న హోసూరు సీమ 1799లో టిప్పు పతనానంతరమే వారికి దక్కి, సేలము జిల్లాలో చేరినది. 1965లో ధర్మపురి జిల్లా యేర్పడగా ఈ సీమ దానిలోనికి పోయెను. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడెను. పల్లె కదలలేదు, జిల్లా పేరు మాత్రము రెండుమార్లు మారినది.

దేశమునకు తొరపల్లి పేరు తెలియుట చక్రవర్తి రాజగోపాలాచారి వలననే. ఆయన 1878 డిసెంబరు 10న ఇచట జన్మించెను. తండ్రి చక్రవర్తి వేంకటార్యులు తొరపల్లి మునసబు, తల్లి సింగారమ్మ. రాజాజీకి అయిదేండ్ల ప్రాయమున కుటుంబము హోసూరునకు తరలినది. అచట చదివి, బెంగుళూరు సెంట్రలు కాలేజీలో 1894లో పట్టము పొంది, న్యాయవాదియై, 1948లో ఆయన భారతదేశపు గవర్నరు జనరలు పదవి నధిష్ఠించెను. ఆ పదవి పొందిన భారతీయు డాయన యొక్కడే. పుట్టిన ఇల్లు నేడు ప్రభుత్వ రక్షణలో స్మారకమందిరమై యున్నది.

ఆయన మదరాసు ముఖ్యమంత్రిగా నున్నపుడే 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. 1956లో దేశమంతట భాషననుసరించి రాష్ట్రముల పునర్వ్యవస్థ జరిగినది. హోసూరు సీమ మదరాసు రాష్ట్రముననే నిలిచెను. ఇచటి తెలుగువారు ఎచటినుండియు వలసపోకయే అల్పసంఖ్యాకులైరి.

ఇక జీవనము. ఈ సీమకు రాగి ప్రాణము. వానలు కుదిరిన పిమ్మట దుక్కిదున్ని రాగి విత్తుదురు. నడుమ అనుముల సాళ్ళు వేయుదురు. రాగి కోతకు వచ్చిన వెనుక, చలికాలపు మంచుకు అనపకాయ నిండును. గింజలను నానబెట్టి, తోలు పితికి తీసిన పితికిపప్పుతో కూర వండి, సంగటితో తినుట ఇచటివారికి పండుగవంటిది. ఆ సంగటినే కన్నడిగులు ముద్దె యందురు, తమిళులు కళి యందురు. హోసూరు సీమలో పెరిగిన బిడ్డకు ఈ మూడు మాటలును తెలియును. బహుభాషాజ్ఞానము ఇచట బడిలో కాక వంటయింటనే మొదలగును.

అయితే భాష నిలుచుటకు మూడు తావులు కావలెను: ఇల్లు, పొలము, బడి. 1970 దశకము మొదలు హోసూరు పారిశ్రామిక నగరమైనది. వాహనముల కర్మాగారములు వచ్చినవి, రాగిచేలు ఇండ్లస్థలములైనవి, కొన్నియెడల గులాబితోట లేచినవి. ఉపాధి పెరిగినది నిజమే. కాని చేను పోయినచోట సాలు, గుంటక, కళ్ళము అను మాటలకు పని తప్పినది. నదియును మారినది. బెంగుళూరు మురుగు కలియుటచే కెలవరపల్లి జలాశయము వద్ద తెల్లని నురుగు పొంగుట పలుమార్లు చూడబడినది.

కనుక బరువంతయు బడిపై పడినది. మాతృభాషలో ప్రాథమికవిద్యకు వసతి కల్పింపవలెనని రాజ్యాంగపు 350ఎ అధికరణము చెప్పుచున్నది. అది 1956లోనే చేరినది. 2006 నాటి తమిళనాడు చట్టముచే ఒకటవ తరగతి మొదలు తమిళము తప్పనిసరియై, ఏటేట ఒక్కొక్క తరగతి పెరిగి, 2015-16లో పదవ తరగతికి చేరినది. మినహాయింపునకై భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానముల నాశ్రయించిరి. తమిళము నేర్చుట మేలే. ఇరుగుపొరుగు భాష రానిదే ఈ సీమలో ఎవరును బ్రతుకలేదు. దానికొరకు తల్లిభాష అక్షరములు వదలుకొనవలసిన పని మాత్రము లేదు.

ప్రసిద్ధుని ఇంటిని ప్రభుత్వము కాపాడినది. పల్లెమాటను కాపాడువారు పల్లెవారే. ప్రతి తెలుగుబడి పిల్లవాడును తన ఊరి చెరువు పేరు, పొలముల పేర్లు, అవ్వ చెప్పిన వంటల పేర్లు ఒక పుస్తకమున వ్రాసికొన్నచో, అదియే ఆ ఊరి చరిత్ర యగును. రేపు చేను ఉండకపోవచ్చును. ఆ మాట యుండును.