బాట్ పెంచేది అంకెనే, మంది బలం కాదు

"కొన్ని పైసలు కట్టు, వారంల పది వేల ఫాలోవర్లు" అనే మెసేజులు ఇన్‌స్టాగ్రామ్‌ల పేజీ నడిపే పల్లె పిల్లలకు వస్తనే ఉంటయి. దీని ఎనుక ఉండేది బాట్. అంటే మనిషి లెక్క పనిచేసే ప్రోగ్రామ్. మీ పాస్‌వర్డ్ తీస్కొని మీ పేరు మీద లైకులు కొడ్తది, ముక్కు మొహం తెల్వనోళ్లను ఫాలో చేస్తది, "సూపర్ బ్రో" అని కామెంట్లు పెడ్తది. ఇంకొందరైతే దొంగ ఖాతాలనే ఫాలోవర్లని అంటగడ్తరు.

పాస్‌వర్డ్ ఇచ్చుడంటే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే. మీ మెసేజులు, ఫోటోలు వాడు చూడొచ్చు. మీ పేరు మీద మీ దోస్తులకే మోసపు లింకులు పంపొచ్చు. అదే పాస్‌వర్డ్ జీమెయిల్‌కు కూడా పెట్టుకుంటే అదీ పాయె. ఆడపిల్లలకైతే ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

కంపెనీ కూడా ఊకోదు. గంటల తరబడి ఒకే తీరుగ లైకులు కొట్టుడు మనిషితోని కాదు, అది పసిగట్టుడు వాళ్లకు కష్టం కాదు. ముందుగాల లైకు, ఫాలో బంద్ పెడ్తరు, మానకుంటే అకౌంటే తీసేస్తరు. 2014 డిసెంబర్‌ల ఇన్‌స్టాగ్రామ్ దొంగ ఖాతాలను ఊడ్చేస్తే సింగర్ జస్టిన్ బీబర్‌కే సుమారు 35 లక్షల ఫాలోవర్లు తగ్గిన్రు. బయటి యాప్‌లతోని వచ్చిన లైకులు, ఫాలోలు, కామెంట్లు తీసేస్తమని 2018 నవంబర్‌ల మళ్లీ ప్రకటించింది. ఫాలోవర్లను అమ్మిన డెవూమి కంపెనీ మీద 2019ల అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకున్నది.

ఖాతా నిలిచినా ఫాయిదా లేదు. బాట్ మీ వీడియో చూడది, షేర్ చెయ్యది. ఇరవై వేల ఫాలోవర్లకు ముప్పై లైకులే వస్తే, ఈ పోస్టు ఎవలకూ నచ్చలేదని లెక్కగట్టి ప్లాట్‌ఫాం కొత్తోళ్లకు చూపియ్యది.

మనకు అసలు నష్టం ఇంకోటున్నది. పట్టా రాని రైతు గోస, ఆగిపోయిన ఉపాధి హామీ కూలి, హాస్టల్ల పురుగులన్నం ఇయ్యాల పల్లె పేజీలల్లనే ముందుగాల బయటికొస్తున్నయి. ఫాలోవర్లు దొంగలని ఒక్కపారి తేలితే "వీళ్లు చెప్పేదంతా ఫేకే" అని ఆఫీసర్లు, లీడర్లు చేతులు దులుపుకుంటరు. నిజమైన గోస కూడా అబద్ధం కింద కొట్టుకపోతది. మండలంల 800 మంది అసలు మనుషులున్న పేజీకి ఆ భయం లేదు. వాళ్లల్ల పది మందైనా తహశీల్దార్ ఆఫీసు కాడికి వచ్చి నిలబడ్తరు.

ఇప్పటికే ఎవలికన్నా పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ఇయ్యాలనే మార్చుండ్రి. సెట్టింగ్స్‌లకు పోయి ఏయే ఫోన్లల్ల మీ అకౌంట్ తెరిచి ఉన్నదో చూసి, మీది కాని దాన్ని లాగౌట్ చెయ్యుండ్రి. తెల్వని యాప్‌లను తీసెయ్యుండ్రి. టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ పెట్టుకోండ్రి, ఓటీపీ ఎవలికీ చెప్పొద్దు. పైసలు పోతే సిగ్గుపడి దాచుకోకుండ్రి, జల్దిగ 1930కి ఫోన్ చెయ్యుండ్రి.