త్రాగే నీరు – చక్కెర వ్యాధి

ఏ పైరుకు ఎన్ని తడులు పెట్టాలో మనం తరచు చెప్పుకుంటూనే ఉంటాము. ఈనాడు ఆ పైరును పండించే మనిషికి కావలసిన నీటిని గురించి, ముఖ్యంగా చక్కెర వ్యాధి ఉన్నవారు త్రాగవలసిన నీటిని గురించి చెప్పుకుందాం.

"నీళ్ళు బాగా తాగితే షుగరు తగ్గుతుందట గదా!" అని కొందరు అడుగుతారు. "తాగితే మాటిమాటికి లేవాలి, అందుకే తగ్గించేశాను" అని మరికొందరంటారు. మొదటి మాటలో కొంతే నిజమున్నది. రెండవది ప్రమాదం.

ఎందుచేతనో చూద్దాం. మనం తిన్న అన్నం, రొట్టె, సంకటి అరిగి చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. ఆ చక్కెర కండరాలకు అందాలంటే ఇన్సులిన్ కావాలి. అది చాలకపోయినా, సరిగా పని చేయకపోయినా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. చెరువు నిండితే అలుగు పారుతుంది గదా! అట్లాగే 100 మిల్లీలీటర్ల రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే, మూత్రపిండాలు పట్టి ఉంచలేక మూత్రంలోనికి వదలుతాయి. చక్కెర ఒంటరిగా పోదు. నీటిని వెంట లాక్కుపోతుంది. అందువల్లనే అతిమూత్రం, ఆ వెనుక దాహం. కాబట్టి ఈ వ్యాధిలో దాహానికి కారణం మూత్రంలో పోయిన నీరే.

అటువంటప్పుడు నీళ్ళు మానితే ఏమవుతుంది? ఎండలకు చెరువులో నీరు తగ్గేకొద్దీ మిగిలిన నీరు చిక్కబడినట్లు, రక్తంలో చక్కెర మరింత చిక్కబడుతుంది. అంతేకాదు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాసోప్రెసిన్ అనే హార్మోను పెరుగుతుంది. అది మూత్రాన్ని తగ్గించడమే గాక, కాలేయం చక్కెర విడుదల చేసేటట్లు కూడా చేయగలదు.

ఫ్రాన్సులో మూడు వేల ఆరు వందల మందికి పైగా జనాన్ని 9 సంవత్సరాలు పరిశీలించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు అర లీటరు కంటె తక్కువ నీరు తాగేవారితో పోల్చితే, ఎక్కువ తాగేవారిలో రక్తపు చక్కెర పెరగడం తక్కువగా కనబడింది. అయితే దానికి నీరే కారణమని ఇంతటితో రుజువైనట్లు కాదు. నీరు మందుకు తోడేగాని మందు కాదు. బిందెడు నీళ్ళు తాగినా ఇన్సులిన్ పని నీరు చేయదు. మాత్రలు, ఇంజక్షను, పథ్యం మానరాదు.

ఇక ఆచరణలో చేయవలసినవి:

పొలానికి పోయేటప్పుడు మంచినీళ్ళు వెంట తీసుకుపోవాలి. ఎండలో పని చేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగక, పావుగంట ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు తాగాలి. ఒక్కసారే చెంబులకొద్దీ తాగవద్దు.

దాహానికి చెరకురసం, కూల్ డ్రింకు వద్దు. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. తాగినకొద్దీ చక్కెర, చక్కెరకొద్దీ మూత్రం, మళ్ళీ దాహం! మంచినీళ్ళు, చక్కెర వేయని పలుచని మజ్జిగ మేలు.

ఒక విషయం మరువవద్దు. మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారికి పనిలో ఉండగా చేతులు వణికి, చల్లని చెమట పట్టి, కళ్ళు తిరిగితే, అది ఎండదెబ్బేనని నీళ్ళతో సరిపెట్టరాదు. చక్కెర మరీ పడిపోయి ఉండవచ్చును. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ అంతే తాగాలి. తేరుకున్న తరువాత ఏదైనా తినాలి. చక్కెర పొట్లం ఒకటి ఎప్పుడూ వెంట ఉండాలి. స్పృహ లేనివారి నోట మాత్రం ఏమీ పోయవద్దు. వెంటనే ఆస్పత్రికి చేర్చండి.

మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, కాళ్ళవాపు ఉన్నవారు ఎంత నీరు తాగాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఎక్కువ నీరు వారికి చెరుపు చేయవచ్చును. వాంతులై నీళ్ళు నిలవకపోయినా, ఆయాసం, మగత వచ్చినా ఇంట్లో ఆలస్యం చేయవద్దు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. అతిదాహం, అతిమూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నవారు ఊళ్ళో కనబడితే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి రక్తపరీక్ష చేయించండి. అలుగు పారేదాకా చెరువు నిండిన సంగతి తెలియకపోవడం మంచిది కాదు గదా!