పైపు లోపలి గార: చమురు క్షేత్రాల్లో సహజ రేడియోధార్మికత

చమురు బావినుంచి చమురు ఒక్కటే పైకి రాదు. దానితోపాటు సహజవాయువూ, ఇసుకా, లక్షల ఏళ్ళుగా రాతిపొరల్లో ఇరుక్కొని ఉన్న ఉప్పునీరూ వస్తాయి. బావి పాతబడేకొద్దీ చమురు పాలు తగ్గి నీటి పాలు పెరుగుతుంది. ఆ నీటిలో కరిగి వచ్చే మూలకాల్లో రేడియం ఒకటి. పరిశ్రమలో నార్మ్ అన్న పొట్టిపేరుతో వ్యవహరించే సహజ రేడియోధార్మిక పదార్థాల కథ ఇక్కడే మొదలవుతుంది. హ్యూస్టన్‌లోనో, గల్ఫ్ దేశాల్లోనో ఈ పరిశ్రమలో పనిచేసే తెలుగువారికి ఈ మాట కొత్త కాకపోవచ్చు. అయితే ఆ పదార్థం ఎప్పుడు ప్రమాదకరం, ఎవరికి ప్రమాదకరం అన్నవి విడిగా ఆలోచించవలసిన ప్రశ్నలు.

రేడియం ఎలా పైకి వస్తుంది?

యురేనియం, థోరియం భూమి పొరల్లో అంతటా కొద్దికొద్దిగా ఉంటాయి. భీమునిపట్నం తీరపు ఇసుకలోని మోనజైట్‌లో థోరియం ఉండటం మనకు తెలిసిన ఉదాహరణ. యురేనియం-238 క్రమంగా క్షీణించి సీసంగా స్థిరపడే దారిలో ఒక మజిలీ రేడియం-226. దాని అర్ధాయుష్షు 1600 ఏళ్ళు. థోరియం శ్రేణిలో పుట్టే రేడియం-228 అర్ధాయుష్షు 6 ఏళ్ళకు కొంచెం తక్కువ.

ఆక్సిజన్ లేని లోతుల్లో యురేనియం, థోరియం నీటిలో దాదాపు కరగవు. రేడియం మాత్రం క్లోరైడ్లు దండిగా ఉన్న ఉప్పునీటిలో కరిగి బయలుదేరుతుంది. ఆవర్తన పట్టికలో రేడియం, బేరియం ఒకే నిలువు వరుసలోవి, గుణాలు దగ్గరివి. బావిలో పైకి వస్తున్న కొద్దీ నీటి ఒత్తిడి, ఉష్ణోగ్రత తగ్గుతాయి. సముద్రంలోని క్షేత్రాల్లో చమురును నెట్టడానికి సముద్రపు నీటిని లోపలికి పంపినప్పుడు, ఆ నీటిలోని సల్ఫేటు భూగర్భజలంలోని బేరియంతో కలిసి బేరియం సల్ఫేటుగా పేరుకుంటుంది. ఆ స్ఫటికంలో బేరియం ఉండవలసిన చోట్లలో కొన్నింటిని రేడియం ఆక్రమిస్తుంది. ఉప్పునీళ్ళు కాచిన గిన్నెకు పట్టే గారలాగే పైపు లోపలి గోడకు ఇది పట్టుకుంటుంది. పరిశ్రమలో దీన్ని స్కేల్ అంటారు. టాంకుల అడుగున చేరే మడ్డిలోనూ రేడియం ఉంటుంది.

మామూలు మట్టిలో గ్రాముకు సుమారు 0.03 బెకెరెల్ రేడియం-226 ఉంటుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2003లో ప్రచురించిన నివేదిక ప్రకారం గట్టి స్కేల్‌లో ఇది గ్రాముకు 0.1 నుంచి 15,000 బెకెరెల్ వరకు ఉండవచ్చు. ఇంత విస్తృతమైన తేడా ఉన్నప్పుడు ఊహ పనికిరాదు, కొలవక తప్పదు.

బయటి కిరణం, లోపలి ధూళి

రేడియం సంతతి వెలువరించే గామా కిరణాలు ఉక్కును దాటి వస్తాయి. టెక్సస్ నిబంధనల్లో పరికరాలకు పెట్టిన హద్దు గంటకు 50 మైక్రోరాంట్‌జెన్. ఇది ఇంచుమించు 0.5 మైక్రోసీవర్ట్. అటువంటి పైపు పక్కనే ఏడాదిలో 2000 గంటలు నిలబడినా అందే మోతాదు 1 మిల్లీసీవర్ట్. ప్రకృతినుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏటా అందేది 2.4 మిల్లీసీవర్ట్. రేడియేషన్ పనివారికి అంతర్జాతీయంగా అంగీకరించిన పరిమితి అయిదేళ్ళ సగటున ఏటా 20. కాబట్టి మూసి ఉన్న పైపు పక్కన నడిచే ఇంజనీరు భయపడవలసింది సాధారణంగా తక్కువే.

పైపును తెరిచినప్పుడు లెక్క మారుతుంది. ఆల్ఫా కణాలను చర్మపు పైపొర ఆపేస్తుంది గనుక బయట ఉన్నంతసేపూ వాటివల్ల హాని లేదు. కానీ స్కేల్‌ను పొడిగా గీకినా, గ్రైండరుతో కోసినా లేచే ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే, అడ్డుపడే పొర ఏదీ లేని కణజాలం మీద ఆ కణాలు పనిచేస్తాయి. ప్రమాదం పైపులో ఎంత ఉందో, దాన్ని ఎవరు, ఎలా తెరుస్తారన్నదీ అంతే ముఖ్యం.

మీటరుకు కనిపించనిది

గ్యాసు కర్మాగారాల్లో మరో చిక్కు ఉంది. రేడాన్ మరుగు ఉష్ణోగ్రత ఈథేన్, ప్రోపేన్ మరుగు ఉష్ణోగ్రతల మధ్య ఉంటుంది. అందువల్ల గ్యాసును విడగొట్టేటప్పుడు అది ఆ ప్రవాహాల్లో చిక్కబడుతుంది. పంపుల లోపల, గొట్టాల గోడల మీద దాని సంతతి అయిన సీసం-210, పొలోనియం-210 పలుచని పొరగా మిగులుతాయి. సీసం-210 గామా కిరణం ఎంత బలహీనమంటే ఉక్కును దాటి రాలేదు. బయట పెట్టిన మీటరు ఏమీ చూపలేదంటే లోపల ఏమీ లేదని కాదు. తెరిచాక లోపలి తలాన్ని తగిన ప్రోబ్‌తో మళ్ళీ కొలవాలి.

ఏం చేయాలి?

టాంకులోకి దిగేవారిని ముందుగా చంపగలిగేవి హైడ్రోజన్ సల్ఫైడు, ఆక్సిజన్ లేమి, మండే ఆవిర్లు. వాటి పరీక్షలు ముందు జరగాలి. గ్యాసును వెళ్ళగొట్టాక ఓ నాలుగు గంటలు ఆగితే రేడాన్ అల్పాయుష్షు సంతతి చాలావరకు అంతరిస్తుంది. స్కేల్‌ను తడిగా ఉంచాలి. పొడిగా గ్రైండు చేయడానికి బదులు నీటి జెట్ వాడి, ఆ నీటిని పట్టి ఉంచాలి. ముఖానికి సరిగ్గా అమరిన రెస్పిరేటరు, పైదుస్తులు, చేతి తొడుగులు ఉండాలి. పనిచేసే చోట తినడం, తాగడం, పొగ తాగడం కూడదు. బయటికి వచ్చేటప్పుడు శరీరాన్ని, పనిముట్లను ప్రోబ్‌తో చూడాలి. తీసిన పైపుల కొసలు మూసి, గుర్తు వేసి, కొలతల కాగితం జతచేయాలి.

పైపు వెంట వెళ్ళవలసిన కాగితం

ఆ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది. చమురు, గ్యాసుల్లో రేడియోధార్మికత ఉందని 1904 నాటికే శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఉత్తర సముద్రంలో 1981లోనూ, మిసిసిపీలో 1986లోనూ స్కేల్ బయటపడ్డాకగానీ పరిశ్రమ దీన్ని సమస్యగా చూడలేదు. ఆలోగా పాత పైపులు దక్షిణాది రాష్ట్రాల్లో కంచెలుగా, వెల్డింగు పనులకు సరుకుగా వెళ్ళిపోయాయి. న్యూ ఆర్లియన్స్ దగ్గరి హార్వీలో దశాబ్దాలపాటు పైపులు శుభ్రం చేసిన స్థలం కలుషితమైందని దాని యజమానులు వేసిన దావాలో 2001లో జ్యూరీ 100 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమన్నది. అప్పీలులో ఆ మొత్తం బాగా తగ్గింది. అమెరికాలో ఈ పదార్థాలకు ప్రత్యేకించిన సమాఖ్య నిబంధన లేదు. 1989లో లూసియానా మొదలుపెట్టగా, తక్కిన రాష్ట్రాలు ఎవరి హద్దులు వారు పెట్టుకున్నాయి.

బావి యజమానికి రేడియం సంగతి తెలుసు. దాని కొలత తెలియనిది వరసలో చివర ఉన్న కాంట్రాక్టు కార్మికుడికి. పైపు చేతులు మారిన ప్రతిసారీ ఆ కొలత కూడా చేతులు మారేలా చూడటం, ఆ కాగితం మీద సంతకం చేసే స్థానంలో ఉన్న ఇంజనీరు బాధ్యత.